తెర వెనక బయాను

1944 వేసవిలో వనపర్తి అదాలతు నన్ను ఒక ఖులా దావాలో కమీషనరుగా నియమించింది. ఖులా అంటే భర్త నుంచి విడుదల కావాలని భార్యే కోరడం. అప్పటికి నేను రెండో దర్జా వకీలును. విడాకులు, మనోవర్తి దావాలే ఎక్కువగా చూసేదాన్ని. ఘోషా స్త్రీలు కచేరీకి రారు కనుక వాళ్ళ వాంగ్మూలం, అంటే బయాను, ఇంటికి వెళ్ళి రాసుకురావాలి. మగ కమీషనరైతే తెర ఇవతల కూర్చుని గొంతు విని రాస్తాడు. నేను తెర లోపలికి వెళ్ళగలను కనుక పని నాకిచ్చారు. లోపలికి వెళ్ళినా ఒక చిక్కు ఉండేది: ఆమె ముఖాన్ని నేను అంతకుముందు చూసి ఉండను. అందుకే ఇరుపక్షాల నుంచి చెరొకరు వచ్చి, ఈమె ఫలానా అని గుర్తించి వేలిముద్ర వేయాలి.

దావా వేసినామెను ఇక్కడ ఖైరున్ అంటాను. అసలు పేరు అది కాదు. భర్త కొడుతున్నాడని, విడుదల కావాలని అన్న ద్వారా దరఖాస్తు పెట్టించింది. ఆమె మనసు మార్చుకుందని భర్త వకీలు చెప్పాడు. బయానులోనూ అదే వస్తే దావా కొట్టివేస్తారు. ఆమె ఇక ఆ ఇంట్లో ఉండిపోవాల్సిందే.

నా ఐదు నెలల పాపను అమ్మ దగ్గర వదిలి కచ్చరం బండిలో ఆ ఊరికి వెళ్ళాను. ఖైరున్ అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది. నా సంగతులు ముందే ఆరా తీసినట్టుంది.

"ఏంది వకీలమ్మా, నీ పసిపిల్లను ఇడిచిపెట్టి మా కోడల్ని ఎత్కపోనీకి వచ్చినవా?"

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఖైరున్ తరఫున గుర్తించాల్సిన ఆమె అన్న భార్య రాలేదు. బండి ఇరుసు విరిగిందట. ఆ కబురు తెచ్చింది అత్తగారి మనిషే. ఒక పక్షం రాకపోతే రెండో పక్షం గుర్తింపుతో పని సాగించవచ్చని హుకుంలో ఉంది. భర్తతో సహా మగవాళ్ళందరినీ వాకిట్లోకి పంపి మొదలుపెట్టాను.

ముసుగు తీసిన అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. అత్తగారు గుర్తించి వేలిముద్ర వేసింది. తండ్రి పేరు, నిఖా అయిన ఏడు, పిల్ల వయసు మూడు నెలలని, నేను అడగడం పూర్తికాకముందే ఆ అమ్మాయి చెప్పేసింది.

"మా అన్న బలవంతం జేస్తే దరఖాస్తు ఇచ్చిన. నాకు ఏ ఖులా వద్దు," అంది.

దరఖాస్తులో ఉన్న వరుసలోనే జవాబులూ వచ్చాయి. నాకది నచ్చలేదు. కానీ అనుమానాన్ని కమీషన్ కాగితంలో రాయలేం. అరపేజీ రాశాను.

అప్పుడు లోపలి గదిలో పసిపిల్ల ఏడ్చింది. ఆకలి ఏడుపు. నాకే పాలు చేపుకొచ్చి రవిక తడిసింది, కొంగు కప్పుకున్నాను. ఎదురుగా కూర్చున్న తల్లి తల కూడా తిప్పలేదు. ఆమె కుర్తీ పొడిగా ఉంది.

"పిల్లకు పాలియ్యమ్మా, నేను ఆగుత," అన్నాను.

"ఇప్పుడే తాగింది. నువ్వు రాస్కో జర, పొద్దు పోతుంది," అంది అత్తగారు.

కలానికి మూత పెట్టి, పిల్ల తాగేదాకా రాయనన్నాను. తప్పక తెచ్చి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టారు. పిల్ల వెతుక్కుంది, దొరకక గుక్కపట్టింది.

"అమ్మా, నాతోని కాదే! దీన్ని వదినకియ్యి!" అంది ఆ అమ్మాయి అత్తగారితో.

ఆ అమ్మాయి ఖైరున్ కాదు, ఖైరున్ ఆడబిడ్డ. తల్లి తిడుతున్నా వినకుండా తనే వెళ్ళి ధాన్యం దాచే గింజల అర్ర గొళ్ళెం తీసింది. లోపలి నుంచి వచ్చిన ఖైరున్ కుర్తీ నడుము దాకా తడిసి ఉంది. పిల్లను అందుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"నోరు తెరిస్తే పిల్లను మళ్ళ సూపియ్యం అన్నరు," అంది. పిల్లను రొమ్ముకు సర్దుకుని, "రాయండమ్మా. నాకు ఖులా కావాలె. పిల్ల నా తాన్నే ఉండాలె."

పాత అరపేజీ కొట్టేసి, పక్కన సంతకం చేసి, కొత్తగా రాశాను. ఈసారి గుర్తించి వేలిముద్ర వేసింది ఆ ఆడబిడ్డే. మనిషిని తీసుకుపోయే అధికారం కమీషనరుకు లేదు. బండిలో చోటుందని మాత్రం అన్నాను. ఖైరున్ పిల్లతో ఎక్కింది. వాకిట్లో భర్త లేచాడు. నా చేతిలోని హుకుం కాగితం చూసి ఆగాడు.

కొట్టేసిన అరపేజీ గురించి భర్త వకీలు గట్టిగానే అడిగాడు. 'మొదట బయాను ఇచ్చినామె, బిడ్డకు పాలివ్వమంటే ఇవ్వలేకపోయింది' అని నివేదికలో ఒక్క వాక్యం రాశాను. మున్సిఫ్ గారు అది చదివి మరేమీ అడగలేదు. మూడు వాయిదాల తర్వాత భర్త ఖులాకు ఒప్పుకున్నాడు.

రెండో కాన్పుతో వకాలతు మానేసేదాకా నేను ఒక పద్ధతి పాటించాను. కక్షిదారు వెంట వచ్చినవాళ్ళను, అన్నదమ్ములైనా సరే, బయట కూర్చోబెట్టేదాన్ని. ఒకే ప్రశ్నను వేర్వేరు రోజుల్లో అడిగేదాన్ని. పేర్లూ తేదీలూ ఎవరికైనా నేర్పవచ్చు.

ఆ పూట ఆ పిల్ల నిద్రపోయి ఉంటే నేను సంతకం పెట్టి వచ్చేసేదాన్ని. అంతకుముందు ఒక్క పక్షం గుర్తింపుతోనే అలాంటి బయానులు మూడు రాశాను. వాటిలో బయాను ఇచ్చిన ఆడవాళ్ళు నిజంగా ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.