మా మగ్గం మీద నాలుగు దేశాలు

బుధవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మొదటి కారు మా వీధిలోకి తిరిగింది. మా గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. అవి తీసేసే రాసుకున్నాను. మొత్తం ఏడు కార్లు. మా వీధిలో ఐదే పడతాయి. మిగిలిన రెండూ పామర్రు రోడ్డు మీద ఆగిపోయాయి.

వచ్చినవాళ్లు నాలుగు ప్రభుత్వాల తరఫు ఆడవాళ్లు, మనది కలుపుకొని. ఆడవాళ్ల హక్కుల విషయంలో ఇరుగుపొరుగు దేశాలు కలిసి పనిచెయ్యాలని విజయవాడ హోటల్లో మూడు రోజుల సమావేశం పెట్టుకున్నారు. రెండో రోజు పొద్దున, పనిచేసే ఆడవాళ్లను చూడటానికి కేటాయించారు. మగ్గం నేసే ఆడమనిషి కావాలంటే చేనేత ఆఫీసువాళ్లు మా కోడల్ని చూపించారు. అంటే ఆమె నేస్తుందని ఆఫీసుకు తెలుసు. తర్వాత పనికొస్తుందని ఆ సంగతి కూడా రాసి పెట్టుకున్నాను. పనికి రాలేదు.

మా అబ్బాయి నేత మాని విజయవాడలో బట్టల కొట్లో చేరి ఆరేళ్లయింది. నేతకార్డు మాత్రం వాడి పేరునే ఉంది. కార్డు ఎవరిదైతే నూలు వాళ్లకే ఇస్తారు గనక వాడు నెలకోసారి బస్సెక్కి వచ్చి సంతకం పెట్టి పోతాడు. డెబ్భై రెండు నెలల్లో డెబ్భై ఒక్కసార్లు వచ్చాడు. ఒకసారి జ్వరమొచ్చి రాలేదు; ఆ నెల మగ్గం ఆడలేదు. ఇప్పుడు, నెయ్యనివాళ్ల కార్డులు నెలాఖరుకు రద్దు చేస్తామన్నారు. కార్డు తన పేరున ఇమ్మని కోడలు దరఖాస్తు పెట్టింది. చూసి పోవడానికి ఇన్‌స్పెక్టరు వచ్చేది కూడా ఆ బుధవారమే. ఆయన వచ్చేసరికి మగ్గం మీద కనీసం మూరెడు నేసిన బట్ట ఉండాలి. లేకపోతే మళ్లీ ఏడాది దాకా దరఖాస్తు పెట్టకూడదు. మాకు ఏడు మూరలు ఉంది. దిగులు పడవలసిందేమీ కనిపించలేదు.

వచ్చినవాళ్లు మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచారు. కాసేపు కోడలు నేస్తుంటే చూసి, తామూ నేసి చూస్తామన్నారు. ఒక్కొక్కరే మగ్గం గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నారు. ఒక్కో పోగునూ దగ్గరకు కొట్టే దెబ్బలు ఎన్ని వేశారో లెక్కపెట్టాను. మొదటావిడ ఇరవై రెండు, రెండో ఆవిడ ముప్పై ఒకటి. మూడో ఆవిడ తొమ్మిదే వేసి ఆగి, బట్టను వేలితో తడిమి చూసింది. ఏదో అడిగింది. కార్డు ఎవరి పేరున ఉందని అడుగుతున్నారని, మాటలు తర్జుమా చెయ్యడానికి వాళ్లతో వచ్చిన అమ్మాయి తెలుగులో చెప్పింది. మన అధికారిణి గారు మా వైపు చూడకుండానే, కుటుంబం పేరున ఉందని జవాబిచ్చారు. ఆ మూడో ఆవిడ మరి నెయ్యలేదు. చివర మన అధికారిణి గారు కూర్చున్నారు. ఫొటోగ్రాఫరు వెనక కార్లో చిక్కుకుపోవడం వల్ల ఆవిడ నలభై దెబ్బలు వెయ్యవలసి వచ్చింది.

ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో రకంగా పడుతుంది. ఒకరు గట్టిగా, ఒకరు మెత్తగా. చెయ్యి మారినచోట బట్ట మీద పట్టె తేలుతుంది. నాలుగు ప్రభుత్వాలకు నాలుగు పట్టెలు తేలాయి. మొత్తం నూట రెండు దెబ్బలు, రెండంగుళాల పైన.

"గంటలో విప్పేస్తాన్లెండి అత్తయ్యా, పోనీండి" అంది కోడలు నెమ్మదిగా.

అప్పుడు అధికారిణి గారికి ఆలోచన వచ్చింది. నాలుగు దేశాలు కలిసి నేసిన ఈ బట్టను సాయంత్రం హాల్లో, ఉమ్మడి ప్రకటన చదివే బల్ల వెనక వేలాడదీస్తే బాగుంటుంది కదా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంటే బట్టను మగ్గం మీంచి కోసి తియ్యాలి. మగ్గం ఎవరిదని అడిగి, మా అబ్బాయి నంబరు తీసుకున్నారు.

"నేసింది నేనండీ" అంది కోడలు.

"అందుకేనమ్మా మిమ్మల్ని చూడ్డానికి వచ్చాం. కానీ ఓనరు గారి పర్మిషన్ లేకుండా ముట్టుకోకూడదు కదా."

ఫోన్ స్పీకర్లో పెట్టారు. అవతల కొట్లో ఎవరో అంచు రంగు మార్చమంటున్నారు. "అయ్యో, దానికేముందండీ మేడమ్, తీసుకోండి" అన్నాడు మావాడు. అంతా కలిపి నలభై సెకన్లు. కత్తెర మాదే. మొదటావిడ జ్ఞాపకార్థం ఒక నూలు కండె అడిగి తీసుకుంది. పన్నెండుంపావుకు వెళ్లిపోయారు.

కోసిన పడుగు, అంటే నిలువు పోగుల కొసలన్నీ మళ్లీ ముడివేస్తే గాని నెయ్యడానికి కుదరదు. నేను పోగులు గుత్తులుగా పట్టి అందించాను, ఆమె ముడి వేసింది. ఒంటిగంటా ఐదు నిమిషాలకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చేసరికి నాలుగు వేళ్ల మేర నేసింది. ఆయన టేపు పెట్టి కొలిచారు.

"మూర లేదమ్మా."

జరిగింది చెప్పాం. ఆయన నమ్మారు, కార్లకు దారి ఇవ్వడానికి పామర్రులో అరగంట ఆగానన్నారు. సాయంత్రం రమ్మని అడిగాను. ఇంకా ఐదిళ్లు ఉన్నాయన్నారు. ఇంతసేపూ కోడలు నెయ్యడం ఆపలేదు.

"నేస్తున్నాను కదండీ. మీ కళ్లతో చూస్తున్నారు కదా."

"చూస్తున్నానమ్మా. చూసింది రాయడానికి ఇందులో గడి లేదు" అని, ఫోను తిప్పి మాకు చూపించారు. నిజంగానే లేదు. మగ్గం ఆడటం లేదన్న గడి మీద నొక్కి, మంచినీళ్లు తాగి వెళ్లారు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నలుగురూ బట్ట అంచులు పట్టుకొని నిలబడ్డారు. పట్టెలు నాలుగూ తెలుస్తూనే ఉన్నాయి, నేత తెలిసినవాళ్లకు. కింద మా కోడలి పేరు లేదు.

ఆదివారం మా అబ్బాయి వచ్చాడు. "పెద్దవాళ్లు అడిగితే కాదంటామా అమ్మా? నిన్నడిగితే నువ్వు మాత్రం ఏమనేదానివి?"

"నన్నడగలేదు" అన్నాను. "దాన్నీ అడగలేదు."

వాడు తలొంచుకొని అన్నం తిన్నాడు. కోడలు మగ్గం దగ్గరే ఉంది. ఉన్న నూలు అయిపోయేదాకా నేస్తానంది.

పోయినవి: ఏడు మూరల బట్ట, పైన రెండంగుళాలు. అది నేసిన రెండు రోజులు. ఒక కండె. నెలాఖరుకు, అబ్బాయి పేరున ఉన్న కార్డు. ఏడాది పాటు, కోడలి పేరున రావలసిన కార్డు. కత్తెర మాత్రం తిరిగి ఇచ్చారు.