మేస్త్రి పోసిన వాలు

దమ్మపేటలో మా ఆఫీసు పక్కన ఎవరో ఇల్లు కడుతున్నారు. నిన్న వాకిలికి కాంక్రీటు పోశారు. కిటికీలోంచి తడి సిమెంటు వాసన తగలగానే చేతిలోని ఫైలు బల్ల మీద పడేసి వెళ్లాను. "వాలు ఎటు పెట్టారు?" అని అడిగాను. అక్కడి మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి "రోడ్డు మీదికే మేడమ్, ఇంకెటు పెడ్తం?" అన్నాడు. నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పదేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే కావాలని పట్టుబట్టాను. చేయనన్నందుకు మా పక్కింటి పెద్దాయనతో పోట్లాడాను కూడా. ఆయన పేరు పుల్లయ్య. మా వీధిలో అందరికీ మేస్త్రి, నాకు బాబాయ్.

అప్పుడు మేము ఏన్కూరు మండలంలో, అడవి అంచున ఉన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాకు మండలాఫీసులో ఉద్యోగం, మా ఆయనకు మూడెకరాల పత్తి. మా వీధిలో ఉన్న సిమెంటు వాకిళ్లన్నీ పుల్లయ్య బాబాయ్ పోసినవే. ఆయన పనిలో ఒక తమాషా ఉండేది. రసమట్టం పెట్టి చూసినా ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. గచ్చు ఆరాక ఒక బిందెడు నీళ్లు కుమ్మరించి, పైన గుప్పెడు ఊక చల్లేవాడు. ఊక ఎక్కడా ఆగకుండా గేటు దాటి రోడ్డు మీద పడితేనే తాపీ కడుక్కునేవాడు. ఆయన పోసిన వాకిట్లో చుక్క నీరు నిలవదని చుట్టుపక్కల ఊళ్లలో గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్ప ఆయన చెవిన పడ్డప్పుడల్లా మీసం సర్దుకోవడం నేను చూశాను.

అలాంటి మనిషి, మా వంతు వచ్చేసరికి "పొయ్య బిడ్డా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వానాకాలం మట్టి వాకిట్లో చెప్పులు దిగబడి, ఆఫీసుకి బురద చీరతో వెళ్తున్నదాన్ని. "ఊరందరికీ పోసి నాకే పొయ్యనంటవా? సత్తుపల్లి నుంచి వేరే మేస్త్రిని పిలిపించుకుంట" అని అరిచాను. వారం రోజులు నేను ఆయన ఇంటి వైపు చూడను కూడా చూడలేదు. మొండితనంలో నాకు సాటి ఎవరూ లేరనుకునేదాన్ని, ఆ రోజుల్లో.

ఆగస్టులో ఒకనాటి సాయంత్రం మా ఆయన పత్తికి మందు కొట్టి వచ్చి, చార్జింగ్ స్ప్రే పంపును ఎప్పటిలాగే వాకిట్లో నల్లా కింద కడిగాడు. మా వైపు అందరూ అంతే. చేలో నీళ్లు దొరక్క కాదు. పంపు ఇంటికి తెచ్చుకుని, సబ్బు పెట్టి, పిల్లకి తలంటు పోసినట్టు కడిగితేనే వాళ్లకు తృప్తి. మర్నాడు పొద్దున పెద్ద వాన. పుల్లయ్య బాబాయ్ యూరియా సంచిని మూల మడిచి తలమీద కప్పుకుని మా గేటు ముందు నిలబడ్డాడు. పిడికిట్లో ఊక. "దా బిడ్డా. మీ నీళ్లు యాడికి పోతయో చూసొద్దాం" అన్నాడు. కోపం ఇంకా తగ్గలేదు కానీ, ఈయనకేమైనా మతిపోయిందా అన్న ఆసక్తితో గొడుగు తీసుకుని బయల్దేరాను.

గేటు దగ్గర ఊక వదిలాడు. అది సైడు కాలువలో పడింది. మేం దాని వెంట నడిచాం. ప్రతి ఇంటి నుంచీ ఆయన పోసిన వాలు వెంట నీళ్లు జారి కాలువలో కలుస్తున్నాయి. ఒక ఇంటి నుంచి బండి ఆయిలు రంగులు తేలుతూ వస్తే, ఒక ఇంటి పెంటకుప్ప నుంచి నల్లటి నీళ్లు వచ్చాయి. ఇంకో ఇంటి నుంచి సబ్బు నురగ. ఊరి చివర అంతా కలిసి వాగులో పడింది. ఇక వెనక్కి వెళ్దామంటే ఆయన ఆగలేదు. వాగు వెంట దిగువకి, గూడెం దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఒడ్డున ఇసుకలో మోకాటి లోతు గుంట తవ్వి ఉంది. దాన్ని చెలిమ అంటారు. ఇసుకలోంచి ఊరిన నీళ్లను ముంతతో తోడుకుని గూడెమంతా తాగుతారు. పక్కన ఖాళీ బిందెతో ముత్తమ్మ నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు ఆయన దగ్గర తట్ట మోసిన మనిషి. మా వీధి వాకిళ్లకు సిమెంటు మాలు అందించింది ఆమే.

"ఏంది మేస్త్రీ, గింత వానల వచ్చిండ్రు?" అంది.

"నేను పెట్టిన వాలు యాడిదాక వచ్చిందో ఈ బిడ్డకు చూపిద్దామని."

ముత్తమ్మ నా వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. "మందు కొట్టిన దినాలల్ల వాన పడితే మేం చెలిమ ముట్టం మేడమ్. వాసనొస్తది. పోయిన నెల మేస్త్రికి గూడ జెప్పిన. బోరింగేమో ఖరాబై ఉన్నది. మొన్ననే నా కోడలు కానుపైంది. బాలింతకు గీ నీళ్లు ఎట్ల తాపాలె?"

ఆ వాసన నాకూ తెలిసింది. రాత్రి మా ఆయన చొక్కా విడిచినప్పుడు వచ్చిన వాసనే. నాకు సిగ్గేసింది. వీధిలో మిగతావాళ్ల పాపం కూడా కలిసి ఉందని నాకు నేను చెప్పుకోబోయాను, కానీ ముత్తమ్మ ముందు నిలబడి ఆ లెక్క వేయడానికి మనసొప్పలేదు. ఆ పూట మా ఇంటి బోరు నీళ్లు రెండు బిందెలు బండి మీద పంపించాను. ఎన్ని రోజులని పంపగలను?

బాబాయ్‌తో కలిసి ఇంటికొచ్చి చెబితే మా ఆయన తేలిగ్గా తీసేశాడు. "మనొక్క ఇంటి నీళ్లు ఆపితే వాగు బాగైతదా మామా?"

"వాగు సంగతి నాకెరుక లేదల్లుడా. నీ ఇంటి నీళ్లన్న ఆగుతయ్ గద" అన్నాడు పుల్లయ్య బాబాయ్. మా ఆయన లేచి పార తెచ్చిచ్చాడు. అది నేను సాధించలేని పని.

మా వాకిలి మట్టిదిగానే మిగిలింది. నడిచే దారికి మాత్రం సందులు వదిలి బండలు పరిచాడు. పల్లపు మూలలో ఇంకుడు గుంత తవ్వి, ఇటుక ముక్కలు, కంకర, ఇసుక నింపి, కప్పు మీది గొట్టాన్ని అందులోకి తిప్పాడు. రోడ్డు వైపు జానెడు కట్ట వేసి గడ్డి నాటించాడు. ఆ మహానుభావుడి మొదటి గుంత మొదటి వానకే పొంగింది. ఎర్ర బురద వీధంతా పారి, వీధంతా మమ్మల్ని చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. నీళ్లు పారగొట్టడమే జీవితమంతా నేర్చుకున్నానని, ఆపడం ఇప్పుడే మొదలుపెట్టానని చెప్పి, మర్నాడు గుంతను రెండింతలు చేశాడు. పంపు ఇంటికి రావడం మానేసింది. చేలోనే కడిగి, ఆ నీళ్లను కూడా పత్తి సాళ్ల మీదే కొట్టేయడం మా ఆయనకు అలవాటైంది. బండి ఆయిలు డబ్బాలో పట్టి మెకానిక్ దగ్గర ఇచ్చేవాళ్లం. పెంటకుప్ప కాలువ పక్క నుంచి పెరట్లోకి మారి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పుకుంది.

ఆ తర్వాత ఆయన ఉలి, సుత్తి పట్టుకుని తను పోసిన వాకిళ్ల వెంట పడ్డాడు. గేటు దగ్గర మూరెడు పట్టీ పగలగొట్టి, నీళ్లు ఇంకేలా కంకర నింపుతానని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. కొందరు సరేనన్నారు. మా ఎదురింటి కోటయ్య గారు "సక్కగున్న వాకిలి పగలగొడ్తవా? నువ్వే గద పోసింది!" అని కసిరారు. "నేను పోసిందే. అందుకే నేనే తీస్తనంటున్న" అన్నాడు బాబాయ్. కోటయ్య గారు గేటు వేసుకున్నారు. చేతులారా చేసిన పనిలో తప్పుందని, ఆ పనికి పేరు తెచ్చుకున్న ఊళ్లోనే, పగటిపూట గొంతెత్తి చెప్పిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

నాలుగో వానాకాలంలో ఆయన పోయారు. అప్పటికి మా వీధిలో సగానికి పైగా ఇళ్ల వాకిళ్లు మారాయి. పెద్దకర్మ నాటికి ముందు రాత్రి గట్టి వాన. వీధిలో షామియానా కింద బంతిలో కూర్చున్నాం. ముత్తమ్మ గూడెం నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా గ్లాసుల్లో పోయడం మొదలుపెట్టింది.

"చెలిమ నీళ్లు. వాన పడ్డంక పొద్దుగాల తోడిన. వాసన శానా తగ్గింది, నా మనవరాలు గూడ తాగుతాంది. తాగుండ్రి" అంది.

మా ఆయన గ్లాసెత్తి గటగటా తాగాడు. నేనూ తాగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. కోటయ్య గారు గ్లాసు పెదవుల దాకా తెచ్చారు. ముందురోజే ఆయన వాకిట్లో పంపు కడగడం మేమంతా చూశాం. ఆయన గ్లాసు మెల్లగా కింద పెట్టేశారు. ముత్తమ్మ మాత్రం ఆ గ్లాసు తీయకుండా ఆయన విస్తరి పక్కనే ఉంచి ముందుకి వెళ్లింది.

బదిలీల మీద ఎన్ని ఇళ్లు మారినా ఆ గ్లాసు నా కళ్ల ముందు నుంచి పోలేదు. వాన మొదలవగానే గేటు దాకా వెళ్లి, నా ఇంటి నుంచి బయటికి పోతున్న నీళ్లను నేను గ్లాసులో పోసుకుని తాగగలనా అని నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. తాగలేననిపిస్తే పార అందుకుంటాను.