ఎరుపు చల్లారితే తగ్గినట్టు కాదు

నాకు సంతకం పెట్టేంత చదువే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. తిట్లు తీసేస్తానంటోంది. తియ్యొద్దన్నాను.

నేను బీడీలు చుడతాను. భర్త పోయాక మా ఇద్దరికీ అన్నం పెట్టేవి ఈ పదివేళ్లే. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చే తునికాకు ఎండితే విరుగుతుంది. అందుకే తడిపి, తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంటాం. పొద్దంతా చేతులకు ఆ తడే. మొన్నటి వానాకాలం నా కుడిచేతి మీద తామర లేచింది. చుట్టూ ఎర్రటి గట్టు, మధ్యన తెల్లటి పొట్టు.

కార్ఖానా అరుగు మీద నా పక్కన కూర్చునే వదిన చూసి, "నీ రొట్టె ఎన్నడన్న గింత గుండ్రంగ వచ్చిందానే?" అంది. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వు వచ్చేది.

మెడికల్ షాపతను చేతిని దూరం నుంచే చూసి ఒక ట్యూబు తీశాడు. "మూడు మందులు కలిసినయి అక్కా. రెండు దినాల్ల సాఫ్ అయితది. డాక్టర్ దగ్గరికి పోయి పరేషాన్ ఎందుకు?"

నిజంగానే ఎరుపు పోయింది, దురద పోయింది. పూయడం ఆపిన వారానికి మళ్లీ లేచింది, ఈసారి రెండుచోట్ల. మళ్లీ పూశాను. మూడు నెలలు ఇదే తంతు. అరుగు మీద ఎవరు దురద అన్నా అదే ట్యూబు చేతిలో పెట్టాను. మంచి చేస్తున్నాననుకున్నాను. తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

దసరా నాటికి మోచేతి దాకా పాకింది. తోలు ఉల్లిపొరలా పలచబడి, ఆకు అంచు తగిలినా చిట్లేది. మా బీడీలు చూసి తీసుకునే టేకేదారు అందరూ వినేలా అన్నాడు: "గా చేతులతోని చుడితే ఎవడు నోట్ల పెట్టుకుంటడు? నయమైనంకనే రా."

నా ట్యూబు వాడుకున్న ఒకామె వెనక నుంచి, "మొగడు పోయినోళ్లకు గట్లనే అంటుకుంటయట," అంది.

"నీ మొగడు ఉన్నడు గదనే! మరి నీ మెడ మీదిది ఎవడు పెట్టిపోయిండు?" అని లేచి వచ్చేశాను.

కరీంనగర్ దవాఖానలో డాక్టరమ్మ ఆ పొట్టు గీకి, పరీక్ష చేసి చెప్పింది. "ఇది ఫంగస్ అమ్మా, తడిగోడకు పట్టే బూజు లెక్క. అది తోలు మీదికి వస్తే నీ నెత్తుర్ల తెల్ల కణాలు కొట్లాటకు వస్తయి. గా కొట్లాటకే ఎరుపు, దురద. నీ ట్యూబుల ఉన్న స్టెరాయిడ్ గా కణాలను పండబెట్టింది. ఎరుపు పోయింది, ఫంగస్ సల్లగ పెరిగింది."

"కరోనా సూదులప్పుడు యాంటీబాడీలు అన్నరు గదమ్మా. గవి ఏం చేస్తున్నయి? దీనికి సూది లేదా?"

"గవి తయారైతయి. కానీ తోలు పైపొరల తామరను గవి వెళ్లగొట్టలేవు. కణాలే రావాలె. దీనికి టీకా లేదు, గోళీలే. ట్యూబు ఆపినంక ముందు ఇంకా మండుతది. ఓర్చుకో."

మండింది. చెయ్యి పొయ్యిలో పెట్టినట్టు మండింది. తట్టుకోలేక ట్యూబు కోసమే షాపుకు నడిచాను. అతని ముఖం చూడగానే నోరు లేచింది. "నా తరఫున కొట్లాడేటోళ్లను పండబెట్టి నయమైందంటివి!"

"నేనేమన్న బలవంతం పెట్టిన్నా అక్కా? నువ్వే అడిగి తీస్కపోయినవ్."

అది నిజం. అందుకే ఇంకా మండింది. వట్టి చేతులతో ఇంటికి వచ్చాను.

నెలన్నర గోళీలు మింగాక, తగ్గిందని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకొని కార్ఖానాకు పోయాను. టేకేదారు చదివి, "సరే, తలుపు పక్కన వేరేగ కూసో," అన్నాడు. అరుగు వైపు చూశాను. సగం మంది గోక్కుంటున్నారు.

"నాది తగ్గింది సారూ. వేరే కూసోవాల్సింది గోక్కునేటోళ్లు. లేపుతవా? నీ అరుగు ఖాళీ అయితది."

అతను చీటీ మడిచి నా చేతికిచ్చాడు. ఆకు, తంబాకు పెట్టుకునే చాట తీసుకొని వదిన పక్కన, నా చోట్లోనే కూర్చున్నాను.

"గా ట్యూబులు పారేయున్రి. రేపు పొద్దుగాల అందరం దవాఖానకు పోతున్నం," అన్నాను. మొగుడు పోయినోళ్ల మాట అన్నామె మెడ మీది కొంగు సర్దుకుంటూ, మెల్లగా అడిగింది. "ట్యూబు ఆపితే బాగ మండుతదా అక్కా?"

"మండుతది," అన్నాను.