ఆయుధపూజ నాడు మోగిన గంట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఇంట్లో ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. అలాంటి నేనే ఇది రాయాల్సి వస్తోంది. ఇన్నేళ్లయినా కోపం చల్లారలేదు కాబట్టి రాస్తున్నాను.

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఐటీఐలో నేను రిఫ్రిజిరేషన్, ఏసీ కోర్సు చదివాను. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. బంద్ లేకపోతేనే క్లాసు. మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. గ్యాస్ సిలిండర్ మీద చెయ్యి వేస్తే చాలు, పక్కకు జరగమనేవాళ్లు.

ప్రాక్టికల్స్‌కి మమ్మల్ని నాచారంలో ఒక కోల్డ్ స్టోరేజీకి పంపేవారు. నేర్పేది తక్కువ, ఊడిగం ఎక్కువ. యజమానిని అందరూ సేటు అనేవారు. మా మీద పెత్తనమంతా సూపర్‌వైజర్ మల్లేశన్నది.

అక్కడ ఐస్‌క్రీమ్ డబ్బాలు పెట్టే ఫ్రీజర్ గది ఉండేది. లోపలి నుంచి తలుపు తెరిచే పిడి విరిగి చాలాకాలమైంది. ఎన్నిసార్లు చెప్పినా సేటు బాగుచేయించలేదు. దాంతో పనివాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపలికి వెళ్లేవాడు చెప్పులు తలుపు ముందు విడిచి రబ్బరు బూట్లు వేసుకుంటాడు. తలుపు ముందు చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే ఎవరూ లేనట్టే, బయట గడియ పెట్టేయవచ్చు. మనుషుల ప్రాణాలు చెప్పుల మీద ఆధారపడి ఉండేవి. అది తలచుకుంటేనే పళ్లు పటపటా కొరుకుతాను.

ఆయుధపూజ రోజు మధ్యాహ్నం మెషిన్లన్నీ కడిగాం. ఆడపిల్లనని కంప్రెసర్‌కి పసుపు పూసి బొట్లు పెట్టే పని నాకు అప్పగించారు. మీటర్లు ముట్టుకోనివ్వరు గానీ బొట్లకు మాత్రం నేనే కావాలి. కంప్రెసర్ గదిలోంచి చూస్తే ఫ్రీజర్ తలుపు కనిపిస్తుంది.

మా క్లాస్‌మేట్ యాదగిరి భువనగిరి వైపు పిల్లవాడు. నన్ను వెక్కిరించకుండా పని చూపించింది అతనొక్కడే. నీళ్ల పైపులో గడ్డకట్టిన ఐసు కొట్టడానికి ఫ్రీజర్‌లోకి వెళ్లాడు. చెప్పులు పద్ధతిగానే తలుపు ముందు విడిచాడు.

మల్లేశన్న కొబ్బరికాయల బుట్టతో వచ్చి ఆ చెప్పులు చూశాడు.

"పూజ జేసేకాడ సెప్పులేందిరా? అన్నీ తీస్కపోయి గేటుకాడ పడెయ్యున్రి."

ఎవరో అన్నీ ఏరి తీసుకుపోయారు. మల్లేశన్నకు భక్తి తప్ప వేరే ఆలోచన లేదు. కాసేపటికి లోడింగ్ మనిషి ఒకతను వచ్చి, తలుపు ముందు చెప్పులు లేవని లైటు ఆర్పి, గడియ పెట్టేసి వెళ్లాడు. ఆ పద్ధతి ప్రకారం అతను చేసిందీ తప్పు కాదు. నేను కంప్రెసర్ వెనక వంగి ఉన్నాను. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

సేటు వచ్చాడు. హారతి వెలిగించబోతుండగా గోడమీది గంట మోగింది. స్కూల్లో మోగే కరెంటు గంటలాంటిది. ఫ్రీజర్‌లో ఎవరైనా ఇరుక్కుంటే లోపలి బటన్ నొక్కితే మోగేలా ఎప్పుడో బిగించారు. ఆగకుండా మోగింది. నా ఒక్కదానికే వినిపించి ఉంటే ఏ చెవుల భ్రమో అని సరిపెట్టుకునేదాన్ని. సేటుతో సహా అందరూ తలెత్తి దానివైపే చూశారు.

మల్లేశన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. "గా గంట మోగుడేంది," అన్నాడు మెల్లగా.

నేను పసుపు చేతులతోనే పరుగెత్తి గడియ తీశాను. యాదగిరి డబ్బాల మధ్య ముడుచుకుని పడి ఉన్నాడు. కనురెప్పల మీద మంచు పేరుకుంది. పిలిస్తే పలకలేదు. బయటికి లాగి, ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే చేతికి దక్కేవాడు కాదన్నారు డాక్టరు. ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం కొసలు నల్లబడి, తీసేయాల్సి వచ్చింది.

మాట వచ్చాక అతను నాతో అన్న మొదటి మాట ఇది: "నేను బటన్ నొక్కలే సునీతా. లైటు బందైనంక గోడ ఏడుందో గూడ తెల్వలే. దొరకనేలే నాకది."

మర్నాడు నేను స్టూలు వేసుకుని ఆ గంటను చూశాను. దానికి వైర్లు లేవు. ఖాళీ స్క్రూల మీద దుమ్ము పట్టి ఉంది. మల్లేశన్నను నిలదీశాను. తేమకి ఊరికే మోగుతోందని సేటు విసుక్కుంటే, కిందటి ఎండాకాలంలో తనే వైరంతా పీకేశానన్నాడు. ఆ వైరును సేటు గదిలో ఫ్యానుకు వాడారట.

"గిది ఎవ్వరికి జెప్పకు బిడ్డా," అన్నాడు.

నేను చెప్పాను. యాదగిరి వాళ్ల నాన్న పోలీసు కేసు పెడతానని వచ్చిన రోజు, మా ప్రిన్సిపాల్ ముందే సేటు నన్ను అడిగాడు.

"గంట మోగిందా లేదా? నువ్వే జెప్పు బేటా."

"మోగింది. కానీ దానికి వైర్లు లేవు," అన్నాను.

సేటు నవ్వాడు. "వైర్లు లేకుంటె గంటెట్ల మోగుతది? పోరి బెదిరింది, ఇంటికి తోల్కపోన్రి."

ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు. మల్లేశన్న తలవంచుకుని నిలబడ్డాడు. యాదగిరి నాన్నను తీసుకెళ్లి చూపించేసరికి గంటకు కొత్త వైరు మెరుస్తోంది. గంట మోగింది, పిల్లవాణ్ని కాపాడింది, ఇక కేసేమిటన్నారు. పాపం ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని బస్సెక్కాడు. యాదగిరి మళ్లీ కోర్సుకు రాలేదు.

పదేళ్లకు పైగా నేను ఇదే పనిలో ఉన్నాను. ఎన్నో గంటలు విప్పాను, బిగించాను. కరెంటు అందకుండా ఆ రకం గంట మోగదు. మోగే దారి ఏదైనా ఉందా అని నాకంటే పెద్ద పనివాళ్లను కూడా అడిగి చూశాను. లేదన్నారు. ఆత్మలంటే ఇప్పటికీ నమ్మను. కానీ ఆ గంట నేను విన్నాను.

ఎవరు మోగించారో నాకు తెలియదు. సేటు మాత్రం ఆ గంటనే చూపించి తప్పించుకున్నాడు.