బిందె పెట్టి పరీక్షించిన వీధి

ఆ రోజుల్లో మా అనంతపురానికి మేఘాలు కూడా మొహమాటపు చుట్టాల్లా వచ్చేవి. పొలిమేర దాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్క జిల్లాకు వెళ్లిపోయేవి. ఆ ఎండలో మనిషి సగం మెలకువలో, సగం కలలో నడిచేవాడు. నాకు ఇరవయ్యేళ్లు కనుక ఆ రెండో సగమే ఎక్కువ పనిచేసేది.

శింగనమలలో పెళ్లికి పోయి వచ్చేసరికి మా అద్దె ఇంటి తాళం పగిలి ఉంది. దొంగలకు పెద్దగా ఏమీ దొరకలేదు (వాళ్ల నిరాశ తలుచుకుంటే నాకే సిగ్గేసింది) కానీ, అమ్మ మధ్యాహ్నపు కునుకును మాత్రం పట్టుకుపోయారు. అప్పటినుంచి పిల్లి దూకినా లేచి కూర్చునేది. అందుకే నాయన రాప్తాడు వైపు కొత్త కాలనీలో చిన్న ఇల్లు చూసి, ఆదివారం సాయంత్రానికి ఏదో ఒక మాట చెబుతానని ఇంటాయనతో అని వచ్చినప్పుడు, అమ్మ గదులెన్నో అడగలేదు. "ఆడ తలుపు తీసిపెట్టి పండుకోవచ్చునా?" అని మాత్రం అడిగింది. ఆ సంగతి తేల్చే పని నాకు అప్పగించారు (ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే, దీన్ని నమ్మకమని పొరబడకండి).

నాలుగు రోజులకొకసారి నీళ్లొచ్చే ఊరు మాది. వీధి కొళాయి దగ్గర మనుషుల బదులు బిందెలు వరుసలో నిలబడేవి. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. దాన్నుంచి నేనొక శాస్త్రం కనిపెట్టాను. ఆదివారం పొద్దున అమ్మ స్టీలు బిందెను సైకిలుకు కట్టుకుపోయి, ఆ కాలనీ కొళాయి దగ్గర వరుస చివర పెట్టి, కాస్త దూరంలో వేపచెట్టు కింద కూర్చున్నాను. బిందె ఉంటే మంచి వీధి, మాయమైతే దొంగల వీధి. గూఢచారిలా కళ్లు చికిలించి చూస్తున్నాను. వేరుశనగ చేల మీదుగా గాలి వస్తోంది. ఎవరింట్లోనో సంగటి కెలుకుతున్న వాసన. చికిలించిన కళ్లు, ఎలాగూ సగం దారి వచ్చాం కదా అని, పూర్తిగా మూసుకున్నాయి. కలలో మా ఊరి మీద తీరుబడిగా వాన కురిసింది.

లేచి చూస్తే వరుస లేదు, బిందె లేదు. తాళం వేయని సైకిలు మాత్రం ఉంది (శాస్త్రజ్ఞులు ఇలాంటి చిన్న విషయాలు పట్టించుకోరు). ఆదరాబాదరాగా తొక్కుకుంటూ ఇంటికొచ్చి, అది దొంగల వీధని తీర్పు చెప్పాను. నాయన ముఖం వాడిపోయింది. ఇల్లు వద్దని చెప్పి రావడానికి చొక్కా తొడుక్కుంటుంటే, అమ్మ తానూ వస్తానంది. ఇల్లు పోతే పోయింది గానీ బిందెను వదిలేది లేదట.

ముగ్గురం ఆటోలో పోయి కొళాయి ఎదురింటి తలుపు తట్టాం. ఒకావిడ బయటికొచ్చి నన్ను చూడగానే నవ్వింది.

"ఏమప్పా, నీదేనా బిందె? నీ వంతు వస్తే నిద్దరపోతాంటివి. నీళ్లు పోతాయని నేనే పట్టి లోపల పెట్టినా. కేకేస్తే ఇనకుండా సైకిలెక్కి పోతివే."

లోపల మా బిందె మూత పెట్టుకుని, నిండుగా, నాకంటే మర్యాదగా కూర్చుని ఉంది. ముందే లేపి ఉండొచ్చు కదక్కా అని గొణిగాను.

"నోరు తెరుచుకొని పండుకున్నోణ్ణి యాడ లేపేది? కుక్కలొస్తాయని మా యత్త కట్టె పట్టుకొని కొంచేపు నీ పక్కనే కూచునింది."

అమ్మ ఎంతసేపు పడుకున్నానో అడిగింది. రెండు గంటలుంటుందని ఆవిడ చెప్పింది. సైకిలుకు తాళం వేశావా అని అమ్మ నన్నడిగింది. లేదన్నాను. అమ్మ నాయన వైపు తిరిగింది.

"ఇంగేం చూడల్ల? పోయి మాట చెప్పిరా."

ఆ ఇంట్లో చేరిన వారానికి, అమ్మ వీధి తలుపు బార్లా తెరిచి, గడప పక్కన చాప వేసుకుని, మధ్యాహ్నం దాటేదాకా నిద్రపోయింది. ఇప్పుడు నేను తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకుని పడుకునే మనిషిని. అయినా నిద్ర తన ఇష్టమొచ్చినప్పుడే వస్తుంది. దానికోసం ఎదురుచూస్తూ కళ్లు మూసుకుంటే ఒక్కోసారి ఆ ఇరవయ్యేళ్లవాడు కనిపిస్తాడు: వీధిని తాను కాపు కాస్తున్నాననుకుంటూ, వీధి కాపలాలో హాయిగా గురక పెడుతున్నవాడు. నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.