అడగని నాలుగు ప్రశ్నలు

ఆ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ముందు కూర్చున్నవాళ్లెవరూ నాలుగు ప్రశ్నలు తప్పించుకుని లేవలేరు. దగ్గని వచ్చినా సరే, కాలు బెణికిందని వచ్చినా సరే. బరువు చూసి, బీపీ చూసి, అట్టకు బిగించిన కాగితం ముందుకు లాక్కుంటుంది. తాగుతారా, వారానికి ఎన్నిసార్లు? కూర్చుంటే ఎంత? మానమని ఇంట్లో ఎవరైనా అన్నారా? పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా? ఎనభై ఏళ్ల ముసలావిడను కూడా వదల్లేదు. "ఓసి నీ దుంప తెగ! ఈ వయసులో నాకు అదొక్కటే తక్కువ!" అని ఆవిడ గదంతా నవ్వించింది. నర్సమ్మ మాత్రం నవ్వకుండా నాలుగు సున్నాలు చుట్టింది.

"మొహం చూస్తే తెలిసిపోదూ? అందర్నీ అడగాలా?" అని మందులిచ్చే అతను విసుక్కుంటాడు. మొహం చూస్తే తెలుస్తుందట! మొహం చూసే కదా నర్సమ్మ కొంప మునిగింది.

ఆవిడకు ఒక్కడే అన్నయ్య. బోర్డులు రాసేవాడు. తండ్రి పోయాక చెల్లెలిని నర్సు చదువు చదివించింది అతనే. రంగు మరకల చొక్కాతో హాస్టల్ గేటు దగ్గర నిలబడి, "బాగా చదువుతున్నావటే?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయే మనిషి. స్కేలు ముట్టుకోకుండా రాసినా అక్షరం అచ్చు గుద్దినట్టుండేది.

ఆరేళ్ల కిందట ఒక సోమవారం, చిటికెన వేలికి గాటు పడిందని వచ్చాడు. ప్రశ్నల కాగితం మొదలుపెట్టి అప్పటికి నెలే. "ముదరకముందే తెలిస్తే పది నిమిషాలు మాట్లాడి ఆపొచ్చు, ఎవర్నీ వదలొద్దు" అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. కానీ కన్నతండ్రిలా పెంచినవాణ్ని పట్టుకుని తాగుతావా అని అడగడానికి ఏ చెల్లెలికి నోరొస్తుంది? "నీకెందుకులే అన్నయ్యా ఇవన్నీ," అంటూ తనే సున్నాలు చుట్టేసింది. కట్టు కట్టాక కూడా అతను వెంటనే లేవలేదు. గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. "ఏంటన్నయ్యా?" అంది. "ఏం లేదే," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ మరుసటి నెల చెప్పుల కొట్టు బోర్డు మీద గీత వంకరపోయి కనిపించింది. హడావిడిలో రాసి ఉంటాడులే అనుకుంది. ఏడాది తిరక్కుండానే అతనికి పనిచ్చేవాళ్లు లేకపోయారు. తాగుడు సంగతి అప్పుడు తెలిసి, వెళ్లి అడిగింది. అడగడమా అది! వదిన ముందే ఏడుస్తూ, అరుస్తూ, "మన పరువంతా గంగలో కలిపావు," అంది. అతను లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ రోజు నుంచి చెల్లెలి గడప తొక్కలేదు. ఫోను చేస్తే వదినే ఎత్తి, "ఇంట్లో లేరమ్మా," అంటుంది. వెనక అతని దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. ఆ దగ్గు వినడానికే ఆవిడ వారం వారం ఫోను చేస్తుంది.

దగ్గర దారి ఉండగా చుట్టు తిరిగి పాత బజారు మీదుగా ఇంటికి నడుస్తుంది. అతను మంచిరోజుల్లో రాసిన బోర్డు ఒకటి కుట్టు మిషన్ల కొట్టు మీద ఇంకా మిగిలి ఉంది. దాని కింద నిలబడిపోతే కొట్టతను, "ఏం కావాలమ్మా?" అంటాడు. ఏం చెబుతుంది? అన్నయ్య కావాలని చెబుతుందా? "సూదులు," అంటుంది. ఇంట్లో సూదులు డబ్బా నిండా పోగుపడ్డాయి.

మొన్న వరసలో పదకొండో మనిషిగా అన్నయ్యే వచ్చాడు. కడుపులో నొప్పట. చిక్కి సగమయ్యాడు. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అతన్ని పట్టుకుని భోరున ఏడవాలనిపించింది ఆవిడకు. గుమ్మం దాకా జనం. బీపీ చూసింది. అట్ట లాక్కుంది. పెన్ను కదల్లేదు. అడిగితే లేచిపోతాడేమో! ఇన్నేళ్లకు వచ్చినవాడు మళ్లీ పోతే? నోరు మూసుకుంటే రేపు కూడా వస్తాడేమో కదా.

"అన్నయ్యా, వారానికి ఎన్నిసార్లు తాగుతావు?"

తిట్టినట్టు లేదు, జాలిపడినట్టూ లేదు. అందర్నీ అడిగినట్టే అడిగింది. అతను తొడల కింది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రోజూ," అన్నాడు.

"కూర్చుంటే ఎంత?"

చెప్పాడు. ఆవిడ రాసుకుంది.

"ఆ రోజు కూడా అడుగుతావనే వచ్చానే," అన్నాడు నేల చూస్తూ. "చిటికెన వేలికి కట్టు కోసం ఎవరైనా అంత దూరం నడిచొస్తారా? అప్పటికి ఇంత లేదు. నాకే భయమేసింది. నువ్వు అడిగితే చెప్పేద్దామని కూర్చున్నాను."

కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకా రెండున్నాయి అన్నయ్యా."

"అడుగు," అన్నాడు.