చప్పుడు చెయ్యని పెట్టె

మా బావ కూర్మయ్య పగలగొట్టిన వస్తువులు చెప్పమంటే ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలియదు. మిక్సీ, రెండు ఫ్యాన్లు, పక్కింటివాళ్ళ మోటారు సైకిలు సైలెన్సరు, నవరాత్రి పందిట్లో మైకు సెట్టు, ఆ మైకు సెట్టు అద్దెకిచ్చినవాడి ముక్కు. వీటన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది మా అక్క గున్నమ్మ. ఇది చదివి ఆయన మీద ఎవరికైనా జాలి పుడితే పుట్టనీయండి. నాకు మాత్రం చాలాకాలం కోపం తప్ప ఇంకేమీ పుట్టలేదు.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వాళ్ళ ఊరు వస్తుంది. బావ అక్కడ తండేలు, అంటే బోటులో అందరికీ పెద్ద. నీళ్ళ రంగు చూసి చేప ఎటుందో చెప్పేవాడు. సముద్రం మీద పులే గానీ ఇంట్లో పిల్లి. అక్క కేకలేస్తే తలుపు చాటున నిలబడి నవ్వేవాడు. పిల్లలు పుట్టలేదని ఊళ్ళో ఆడవాళ్ళు ఆడిపోసుకుంటే, వాళ్ళ మొగుళ్ళ దగ్గరికి పోయి తగాదా పెట్టుకున్నాడు గానీ ఆమెను ఒక్క మాట అనలేదు.

ఒకనాడు పక్క ఊరి బోటువాళ్ళు వచ్చి వీళ్ళు వేసిన వల మీదనే వల వేశారు. మాటా మాటా పెరిగింది. బోట్లు రెండూ రాసుకున్నాయి. బావ ఆ బోటులోకి దూకి ఎర్రన్న అనేవాడి దవడ విరగ్గొట్టాడు. ఇంకొకణ్ణి మెడకు తాడు వేసి నీళ్ళలో ముంచి, వాడు కొట్టుకోవడం ఆగేదాకా పట్టుకొని, అప్పుడు లేపాడు. మూడోవాడి మీదికి తిరుగుతుండగా ఎర్రన్న నోటినిండా రక్తంతోనే లేచి తెడ్డు ఎత్తి బావ చెవి వెనక వేశాడు. ఎముక లోపలికి దిగిపోయింది. విశాఖపట్నంలో పుర్రె కోసి కుట్టి పంపారు. మనిషి బతికాడు.

తెడ్డు దెబ్బ తగిలింది ఆయన తలకు, నొప్పి వచ్చింది మా అక్కకు. ఏదైనా యంత్రం చప్పుడు వింటే చాలు, ఆయన కళ్ళు మారిపోయేవి. చప్పుడు చేసే వస్తువు ఏది దొరికితే అది, అడ్డొచ్చిన మనిషి ఎవరైతే వాళ్ళు. కాసేపటికి కూలబడి నిద్రపోయేవాడు, లేచాక ఏమీ గుర్తుండేది కాదు. మెదడుకు తగిలిన దెబ్బ అలాంటిదనీ, మాత్రలు మానకూడదనీ, ఇక సముద్రం మీదికి పోకూడదనీ డాక్టరు చెప్పాడు. ఇల్లంతా ఎందుకు పగిలి ఉందని ఆయన అడిగితే, నీకు ఫిట్సు వచ్చిందని అక్క చెప్పేది. పొద్దున పూట మరీ గండం. బోట్లన్నీ ఇంజన్లు డుగుడుగుమంటూ ఒడ్డుకు వచ్చే వేళ అది. ఆ వేళకు అక్క ఆయన్ని వల తాడుతో స్తంభానికి కట్టేది. అలా కట్టడం కూడా పడిపోకుండా ఉండటానికేనని చెప్పింది, ఆయన నమ్మాడు.

వచ్చెయ్యమని నేను ఎన్నిసార్లు పిలిచానో. రాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పుకోదు కూడా. ఏదో ఒక పొద్దున్న మా అక్క చచ్చిపోయిందని ఫోను వస్తుందని నేను నిజంగానే ఎదురుచూసేవాణ్ణి.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. దారిలో మోతకని మత్తుమాత్ర వేసి ఆసుపత్రికి తెచ్చిన ఒకరోజు, అది దిగుతున్న వేళ బావ అక్కడ కూర్చున్నాడు. ఎవరిదో గేములాడే కంప్యూటరు పరీక్ష చేస్తున్నాను. యంత్రం అద్దాల గదిలో ఉంది, తెర మాత్రం ఇవతల బల్ల మీద. తెర మీద పడవ నడిపే ఆట, చప్పుడు కట్టేసి ఉంది. బావ అడక్కుండానే కంట్రోలరు చేతిలోకి తీసుకున్నాడు. అలకు ఎదురు తిప్పాడు, పక్కకు కోశాడు, దాటాడు. ఆయన మెడ నరాలు వదులవడం నేను కళ్ళారా చూశాను. బయట ఆటోలు అరుస్తున్నా తల తిప్పలేదు. అంతలో ఆ కంప్యూటరు తాలూకు మనిషి వచ్చి అద్దాల తలుపు తీశాడు. లోపలి ఫ్యాన్ల హోరు బయటికొచ్చింది. బావ కంట్రోలరుతో తెర పగలగొట్టి, ఆ మనిషి జుట్టు పట్టుకొని తలను తలుపుకేసి బాదాడు. అద్దం మీద రక్తం చారలు కట్టింది. నేనూ పక్క షాపతనూ మీద పడి విడిపించాం.

రక్తం తుడుస్తుంటే నాకు దారి కనిపించింది. ఆటలో ఉంటే బయటి మోత ఆయనకు పట్టదు, దగ్గరలో మోగే యంత్రమే పడదు. హోరు పెట్టే యంత్రం ఎక్కడో దూరంగా ఉండాలి. బావ ముందు చప్పుడు చెయ్యని చిన్న పెట్టె ఒకటి ఉండాలి. పెద్ద యంత్రం ఆట ఆడించి బొమ్మను తీగలోంచి పంపుతుంది, చిన్న పెట్టె దాన్ని టీవీలో చూపిస్తుంది. బావ చేతి కదలిక అదే తీగలోంచి వెనక్కి పోతుంది. ఆట లేనప్పుడు అదే పెట్టెలో పాత సినిమాలు, సముద్రం వీడియోలు చూసుకోవచ్చు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాట్ట వెనకటికొకడు. నా వైద్యం కూడా అలాగే ఉందని మా ఆవిడ అంది. ఉండనీ అనుకున్నాను.

పాత గేముల కంప్యూటరు ఒకటి తీసుకెళ్ళి వాళ్ళ వలల కొట్టులో పెట్టాను. కొట్టు ఇంటికి దూరం. అది బియ్యం మిల్లులా అరిచినా ఇంట్లోకి వినపడదు. ఇళ్ళ వెనకనుంచి తీగ లాగాను. టీవీ కింద అరచేతిలో పట్టే పెట్టె పెట్టాను. లోపల గిరగిర తిరిగే డిస్కు లేదు. ఆటలో ఇంజను మోత తీసేసి అలల చప్పుడు మాత్రం ఉంచాను, అది ఆయనకు చప్పుడే కాదు. కంట్రోలరు వణకడం కూడా ఆపేశాను. ఇక మిగిలింది పెట్టెలో చిటికెన వేలంత ఫ్యాను ఒక్కటి. చెవి ఆనించి విన్నాను, ఏమీ వినపడలేదు. నా చెవికి వినపడకపోతే ఇక ఎవరికీ వినపడదనుకునే తెలివి నాది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఎండలు ముదిరాక ఫ్యాను జోరు పెరిగింది. సన్నగా, దోమ పాడినట్టు. ఆ పాట విన్నది బావ ఒక్కడే. పచ్చడి బండ ఎత్తి పెట్టెను నలగ్గొట్టాడు. టీవీని కాపాడదామని అడ్డంపోయిన అక్క చేతి మీద రెండో దెబ్బ పడింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించిందని పక్కింటావిడ చెప్పింది. ఆసుపత్రిలో రేవులో జారిపడ్డానని చెప్పింది అక్క. బావకూ అదే చెప్పింది.

రెండోసారి ఫ్యాను అనేదే లేని పెట్టె కట్టాను. ఒళ్ళంతా అల్యూమినియం, పైన దువ్వెన పళ్ళలాంటి రేకులు. లోపలి వేడి ఆ రేకుల్లోంచి గాలిలోకి పోతుంది. కరెంటు తక్కువ తాగే చిప్పు వేశాను. అడాప్టరు సన్నగా కూస్తుంటే దాన్ని పారేసి మంచిది తెచ్చాను. ఈసారి నిజంగానే చప్పుడు లేదు. పెట్టె చుట్టూ గాలి ఆడాలి, మీద గుడ్డ కూడా కప్పకూడదని అక్కకు ఒకటికి పదిసార్లు చెప్పాను. తలూపింది.

కానీ విరిగిన చెయ్యి మెడకు వేలాడుతుంటే ఆమె దేన్ని నమ్ముతుంది? నేను ఇటు రాగానే చేపలకు ఐసు వేసే థర్మాకోలు పెట్టె తెచ్చి, నా పెట్టెను అందులో పెట్టి, తీగలకు బెజ్జం చేసి, మూతకు టేపు అంటించేసింది. పుట్టినప్పటినుంచి ఆమె చూసింది అదే. ఏ సరుకైనా పాడవకూడదంటే థర్మాకోల్లో పెట్టి మూత బిగించాలి. ఉప్పు గాలి తగలదు, చప్పుడున్నా బయటికి రాదు అనుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వేడి బయటికి పోయే దారిలేక లోపల ఉడికి ఉడికి, సరిగ్గా బోట్లు ఒడ్డెక్కుతున్న వేళ పెట్టె ఆరిపోయింది. బావ నడుపుతున్న పడవ మాయమై తెర నల్లగా మిగిలింది. బయట ఇంజన్లు డుగుడుగుమంటున్నాయి. ఆట ఉందన్న ధైర్యంతో ఆ రోజు అక్క ఆయన్ని కట్టలేదు. ఆమె మెడ పట్టి మొహాన్ని గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టుకొని వచ్చేసరికి అక్క నేల మీద పడి తన పళ్ళు తనే ఏరుకుంటోంది.

ఫోను రాగానే షాపులో ఉన్న ఇనపరాడ్డు బండికి కట్టుకొని బయల్దేరాను. చంపాలనే బయల్దేరాను, అబద్ధమెందుకు. బావ చాప మీద నిద్రపోతున్నాడు. రాడ్డు ఎత్తాను. వాచిన మొహంతో అక్క వచ్చి మధ్యలో నిలబడింది.

“నిద్దరోయినోడిని కొడతావేట్రా? లేసినాక అడుగు, ఏటి సేసినావని. ఆడికి తెల్దు. నీకు నానున్నాను, నాకు ఆడున్నాడు. ఆడికి ఆడే లేడు.”

రాడ్డు దించాను. కోపం దిగలేదు. లోపలున్న నా పెట్టెను తీసి పక్కన పెట్టి, థర్మాకోలు పెట్టెను వీధిలో వేసి పొడిపొడి అయ్యేదాకా కొట్టాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గదా.

షాపు మూసేసి అక్కడే ఉండిపోయాను. అల్యూమినియం పెట్టె చెడిపోలేదు, వేడికి తనంతట తను ఆరింది అంతే. టీవీ వెనక గోడకు చెక్క కొట్టి, నాలుగు పక్కలా గాలి ఆడేలా దాని మీద కూర్చోబెట్టాను. కరెంటు పోయినా ఆరకుండా కొట్టులోనూ ఇంట్లోనూ బ్యాటరీలు పెట్టాను. రోజూ పొద్దున్నే రేకుల మీద చెయ్యివేసి చూసేవాణ్ణి. గోరువెచ్చగా ఉండేది. బోట్లు వచ్చేవి. ఇంజన్ల మోత ఇంట్లోకి వచ్చేది. బావ భుజాలు ఒకసారి పైకి లేచి, మళ్ళీ మెల్లగా దిగేవి. ఆయన పడవ అలల మీదికి ఎక్కేది. తాడు దూలానికి వేలాడుతూనే ఉంది గానీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అక్క మొదట వంటింటి గుమ్మం దాటేది కాదు. తరవాత ఆయన వెనకనుంచి నడిచింది. ఆ తరవాత పక్కనుంచి.

ఒక పొద్దున్న బోట్లన్నీ వచ్చేసి మోత అణగిపోయాక, అక్క పళ్ళెంలో అన్నం, చేపల పులుసు పెట్టి ఆయన ముందుకు తెచ్చింది. బావ పడవను ఒడ్డుకు చేర్చి కంట్రోలరు ఒళ్ళో పెట్టుకున్నాడు. పళ్ళెం అందుకోబోతూ ఆమె చేతిని చూశాడు. మణికట్టు పైన ఎముక వంకరగా అతుక్కుంది. అన్నాళ్ళూ ఆయన ముందే తిరిగిన చెయ్యే అది. ఇప్పుడే కనబడింది.

“నీ సెయ్యికేటయ్యిందే? రేవులో పడితే ఇలగ వొంకర తిరిగిపోతాదా?”

ఎంత ప్రేమగా అడిగాడో. పాత బావ అచ్చంగా అలాగే అడిగేవాడు. అక్క ఇంకో అబద్ధం చెబుతుందనుకున్నాను. ఆమె పళ్ళెం నేల మీద పెట్టి, మంచి చేత్తో ఆయన చెంప మీద కొట్టింది. వీపు మీద కొట్టింది, భుజాల మీద కొట్టింది, గోళ్ళతో మెడ చీరింది. కుట్లున్న వైపు మాత్రం ఒక్క దెబ్బ వెయ్యలేదు.

“రేవు గాదు మావా. నువ్వే. ఈ సెయ్యి నువ్వే ఇరగ్గొట్టినావు. ఈ పళ్ళు నువ్వే రాలగొట్టినావు. నాను పడిపోనేదు, ఎప్పుడూ పడిపోనేదు.”

ఆ కేకలకు వీధిలో జనం ఆగిపోయారు. అక్క గొంతు అలా లేచి ఎన్నాళ్ళయిందో. నేను లేచాను. మనిషి కేకకు ఆయన కళ్ళు మారతాయో లేదో మాకు తెలియదు, మారితే ఇక ఆమె బతకదు. అప్పటికి అక్కకు కూడా తను అరిచానని తెలిసింది. టక్కున ఆగి, గోడ మూలకు పోయి, మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ తల మీద మూసుకుంది. వంకర చెయ్యి కిందికి, మంచి చెయ్యి పైకి, గడ్డం గుండెలోకి. ఆ చేతులు ఎక్కడ ఉండాలో వాటికే తెలుసు. అలా ముడుచుకొని దెబ్బ కోసం ఎదురుచూస్తోంది.

బావ లేచి నిలబడ్డాడు. నేను అడ్డం వెళ్ళాను. ఆయన నన్ను తోసుకొని రాలేదు. చెంప ఎర్రగా కంది ఉంది, మెడ మీద రక్తం కారుతోంది, దాన్ని తుడుచుకోలేదు. మూలన ముడుచుకున్న మనిషినే చూస్తున్నాడు.

“ఒరే హరీ, అది నన్ను సూసేనేట్రా అలగ దాక్కుంటన్నాది?”

“అవును బావా.”

ఆయన నేల మీద కూర్చున్నాడు. కూర్చుని వెనక్కి జరిగాడు. పళ్ళెం పక్కనుంచి, టీవీ పక్కనుంచి, వీపు అవతలి గోడకు తగిలేదాకా జరిగాడు. అంతకంటే జరగడానికి ఇంట్లో చోటు లేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని, అక్క తల మీదనుంచి చేతులు తీసేదాకా అక్కడే కూర్చున్నాడు.